ఈవీ కార్ల కస్టమర్ సపోర్ట్‌లో జాబ్ వచ్చింది, ఇది కెరీరా లేక ఇంకో కాల్ సెంటరేనా?

సూర్యాపేట_పిల్లగాడు:

అన్నలూ అక్కలూ నమస్తే. మాది సూర్యాపేట దగ్గర ఊరు. డిప్లొమా ఈఈఈ చేసిన, ఈసెట్‌ల సీటొచ్చినా ఇంట్ల పరిస్థితి బాగలేక బీటెక్ చేరలే. రెండేండ్ల సంది ఉప్పల్‌ల రూమ్ తీస్కొని ఒక టెలికాం వాయిస్ ప్రాసెస్‌ల చేస్తున్న, పొద్దుగాల హెడ్‌సెట్ పెట్టుకుంటే "నెట్ వస్తలేదు" "రీచార్జ్ చేసినా బ్యాలెన్స్ పడలే" ఇవే కాల్స్, పదిట్ల తొమ్మిదింటికి జవాబు "ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్". చేతికి 18,500 వస్తది.

మొన్న ఒక ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ సపోర్ట్ డెస్క్‌కి ఇంటర్వ్యూకి పోతే సెలెక్టయిన. కంపెనీ పేరు ఇక్కడ వద్దులే. డైరెక్ట్ కాదు, వెండర్ పేరోల్, అంటే జీతం నడుమ కాంట్రాక్టు కంపెనీ ఇస్తది. గచ్చిబౌలిల ఆఫీసు, తెలుగు హిందీ డెస్క్, రొటేషనల్ షిఫ్టులు, 23 వేలు అన్నరు. పైసలకంటే ఈఈఈ చదివిన చదువు ఎక్కడన్న పనికొస్తదేమో అని నా ఆశ. మా బాపు మాత్రం "కరెంటు చదువు చదివి మళ్ల ఫోన్ ఎత్తుడేందిరా, పోయి ఎవలన్న ఎలక్ట్రీషియన్ దగ్గర పనిజెయ్" అంటున్నడు. ఆయన చెప్పేది తప్పని కూడా అనబుద్ధి అయితలేదు.

తెలంగాణల 2024 నవంబర్ నుంచి ఈవీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేసిన తర్వాత మా ఊరి రోడ్డు మీద గూడ ఆకుపచ్చ ప్లేట్ల కార్లు కనవడుతున్నయి, అంటే కస్టమర్లు పెరుగుతరు, ఆ లెక్క నాకు అర్థమైంది. కానీ ఫోన్ ఎత్తేటోడికి ఏం పెరుగుతది? ఇందుల మూడు నాలుగేండ్లు చేస్తే ఎక్కడికి పోవచ్చు? నోటీస్ పీరియడ్ 30 రోజులుంది, ఈలోపు ఏం నేర్చుకోవాలె? ఇంకోటి, నా హిందీ హైదరాబాద్ హిందీ, ఇంగ్లీషు అంతంత మాత్రమే. ఈ ఫీల్డుల ఉన్నోళ్లు ఎవరన్న ఉంటే నిజం చెప్పున్రి, మోటివేషన్ వద్దు.


హెడ్‌సెట్_విసిరేసినోడు:

బ్రో నేను చెప్పేది చేదుగా ఉంటది కానీ విను. కాల్ సెంటర్ అంటే కాల్ సెంటరే, అవతల సిమ్ కార్డున్నా కారున్నా నీ ముందున్న స్క్రీన్ అదే. ఏహెచ్‌టీ అంటారు, అంటే ఒక్కో కాల్‌కి పట్టే సగటు టైమ్, సీశాట్ అంటారు, అంటే కస్టమర్ ఇచ్చే మార్కులు, బాత్‌రూమ్ బ్రేక్ లెక్కపెడతారు. ఆరేళ్లు చేసి టీఎల్ (టీమ్ లీడర్) అయ్యి బయటికొచ్చా, ఇప్పుడు కూకట్‌పల్లిలో మొబైల్ యాక్సెసరీస్ షాపు పెట్టుకున్నా, ప్రశాంతంగా ఉన్నా. పైగా సిమ్ పనిచేయకపోతే నిన్ను ఒక తిట్టు తిడతాడు, పదహారు లక్షలు పెట్టి కొన్న కారు ఆగిపోతే ఎన్ని తిడతాడో లెక్కేసుకో. వెండర్ పేరోల్ అంటే అసలు వద్దు. మీ నాన్న చెప్పింది విను.


ఆంపియర్_అక్క:

తమ్ముడూ, పైన అన్నయ్య చెప్పిన దాంట్లో సగం నిజమే, తిట్లూ ఏహెచ్‌టీ రెండూ ఉంటాయి. మిగతా సగం నేను చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది ఓపిగ్గా చదువు.

నాది కాకినాడ, బీఎస్సీ ఎలక్ట్రానిక్స్. 2021లో ఇలాగే వెండర్ పేరోల్ మీద ఒక ఈవీ కంపెనీ సపోర్ట్‌లో చేరాను, అప్పుడు నాకు ఏసీ చార్జింగ్‌కీ డీసీ చార్జింగ్‌కీ తేడా కూడా సరిగ్గా తెలీదు. ఇప్పుడు ఒక చార్జింగ్ నెట్‌వర్క్ ఆపరేషన్స్‌లో షిఫ్ట్ లీడ్‌ని, కాల్స్ తీసుకోను, చార్జర్లు ఎక్కడ పడిపోయాయో స్క్రీన్ మీద చూసి లేపుతూ ఉంటాను. మధ్యలో ఏం జరిగిందంటే ఒక్క ఫోన్ కాల్ వల్ల నాకు ఈ పని ఏంటో అర్థమైంది, అది చెప్తా.

కరీంనగర్ నుంచి ఒక పెద్దాయన, రిటైర్డ్ టీచరు. ఇంట్లో 15 ఆంప్స్ సాకెట్‌కి కారుతో వచ్చిన పోర్టబుల్ చార్జర్ పెడితే ఒక్కోరోజు చక్కగా ఎక్కుతుంది, ఒక్కోరోజు ఎర్ర లైటు వెలిగి ఆగిపోతుంది. మొదటిసారి కాల్ చేస్తే స్క్రిప్ట్ ప్రకారం ఎర్తింగ్ చెక్ చేయించుకోండి అని చెప్పి టికెట్ క్లోజ్ చేశాను. ఆయన ఎలక్ట్రీషియన్ని పిలిస్తే అతను వచ్చి టెస్టర్ పెట్టి అంతా బావుందన్నాడు. రెండోసారి మా టెక్నీషియన్ వెళ్లాడు, అతని ముందు చార్జింగ్ ఎక్కింది, ప్రాబ్లం లేదని రాసి వచ్చేశాడు. మూడోసారి ఫోన్ చేసినప్పుడు ఆయన తిట్టలేదు, "అమ్మాయ్, నేను అబద్ధం చెప్తున్నాననుకుంటున్నావా" అన్నారు. నాకు సిగ్గేసింది. ఆ రోజు టైమర్ సంగతి వదిలేసి ఏ రోజుల్లో ఎక్కింది ఏ రోజుల్లో ఎక్కలేదు అని క్యాలెండర్ తీయించి అడుగుతూ కూర్చున్నా. మంగళ, శుక్ర ఎక్కుతోందట, ఎక్కువగా. మంగళ శుక్రవారాలు ఏంటండీ స్పెషల్ అంటే, ఆ రోజుల్లో ఆవిడగారు వాకిలంతా కడిగి మొక్కలకి పైపుతో నీళ్లు పడతారట. ఎర్త్ గుంత, అంటే ఎర్త్ వైరు నేలలోకి దిగే చోటు, ఆ మొక్కల మధ్యలోనే ఉంది! ఏప్రిల్ నెల, నేల ఎండిపోయి గుంత పొడిగా అయిపోయింది, ఎర్త్ సరిగ్గా దొరక్క చార్జర్ తనంతట తనే ఆగిపోతోంది, నీళ్లు పడ్డ రోజు ఎర్త్ బాగుంటోంది. టెస్టర్ పెట్టి ఫేజ్ చూస్తే ఇది తెలీదు కదా. రెండు బకెట్ల నీళ్లు పోయించాను, లైన్‌లో ఉండగానే ఆకుపచ్చ లైటు వచ్చింది. తర్వాత ఎర్త్ రాడ్ మార్పించుకున్నారు.

ఆ కాల్ 41 నిమిషాలు. ఏహెచ్‌టీ దెబ్బకి ఆ వారం నా స్కోరు పడిపోయింది, టీఎల్ క్లాస్ పీకాడు. కానీ నేను ఊరుకోకుండా ఆ ఎండాకాలంలో వచ్చిన "అప్పుడప్పుడూ చార్జ్ అవ్వట్లేదు" టికెట్లన్నీ ఒక ఎక్సెల్‌లో పెట్టా, ఊరు, సొంతిల్లా అపార్ట్‌మెంటా, పొద్దున్నా రాత్రా, ఎర్త్ గుంత ఎక్కడుంది, ఇలా. దాన్ని క్వాలిటీ వాళ్లకి పంపితే పట్టించుకోలేదు, రెండోసారి పంపితే ఒక సర్వీస్ ఇంజినీర్ ఫోన్ చేశాడు. ఆర్నెల్లలో ఎల్2 డెస్క్‌కి, అంటే మొదట ఫోన్ ఎత్తే ఎల్1 వాళ్లు తేల్చలేని కేసులు చూసే చోటికి, తీసుకున్నారు. కాబట్టి తమ్ముడూ నీ ఈఈఈ వేస్ట్ అవ్వదు, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎంత వోల్టేజ్ ఉండాలో తెలిసినవాడు ఎల్1 ఫ్లోర్‌లో ఎంతమంది ఉంటారనుకుంటున్నావు? వందలో ఇద్దరుంటే గొప్ప.

రోజూ వచ్చే కాల్స్ ఎలా ఉంటాయంటే, కొత్త ఓనర్ ఫోన్ చేసి "చార్జింగ్ చాలా స్లో" అంటాడు. అప్పుడు బ్యాటరీ ఎన్ని యూనిట్లు, ఏ ప్లగ్ అని అడగాలి. 15 ఆంప్స్ సాకెట్ మీద 3.3 కిలోవాట్లే వస్తాయి, 40 యూనిట్ల బ్యాటరీకి గంటకి ఎనిమిది శాతం చొప్పున ఎక్కుతుంది, ఖాళీ నుంచి ఫుల్ అంటే పన్నెండు గంటల పైమాటే, అది లోపం కాదు లెక్క. వాల్ బాక్స్ (గోడకి బిగించే చార్జర్) పెట్టుకుంటే 7.2 కిలోవాట్లు, కానీ దానికి 32 ఆంప్స్ కావాలి, మీటర్ శాంక్షన్ లోడ్ (కరెంటు ఆఫీసు ఒప్పుకున్న వాడకం) మూడు కిలోవాట్లున్న ఇంట్లో అది తగిలిస్తే కుదరదు, ముందు లోడ్ పెంచుకోమని చెప్పాలి. అపార్ట్‌మెంట్ అయితే ఇంకో కథ, అసోసియేషన్ ప్రెసిడెంట్ ఎన్‌ఓసీ ఇవ్వట్లేదని మనకి ఫోన్ చేసి ఏడుస్తారు, నిజంగా ఏడ్చిన వాళ్లున్నారు.

రెండో రకం, "కారు చచ్చిపోయింది, డోర్ కూడా తెరుచుకోవట్లేదు, కానీ బ్యాటరీ 70 శాతం ఉంది నిన్న చూశా". ఇలాంటివి చాలావరకు పెద్ద బ్యాటరీ కాదు, చిన్న 12 వోల్టుల బ్యాటరీ. అది పడిపోతే లోపలి కాంటాక్టర్లు (పెద్ద బ్యాటరీని కారుకి కలిపే స్విచ్‌లు) కలవవు, కాంటాక్టర్లు కలవకపోతే పెద్ద బ్యాటరీలో ఎంతున్నా కారుకి అందదు. ఒకాయన తిరుపతిలో నాలుగు రోజులు కారు పార్క్ చేసి కొండ మీదికెళ్లొచ్చాడు, డాష్‌క్యామ్ డైరెక్ట్‌గా 12 వోల్టులకి కలిపించుకున్నాడు బయట షాపులో, అది తాగేసింది మొత్తం. పక్క ట్యాక్సీ వాడి దగ్గర జంపర్ కేబుల్ దొరికింది కాబట్టి సరిపోయింది.

మూడోది రేంజ్, అంటే ఒక ఫుల్ చార్జికి ఎన్ని కిలోమీటర్లు వస్తుందనేది. "కంపెనీ చెప్పినంత రావట్లేదు" అంటారు, దీనికి వాదించకు, వాదించావో సీశాట్ గోవిందా. సర్టిఫికేట్ రేంజ్ తీసే టెస్ట్ సైకిల్‌లో టాప్ స్పీడే 90, ఇతను విజయవాడ హైవే మీద ఏసీ వేసుకుని 110లో పోతూ ఉంటాడు. కాబట్టి ఏ స్పీడ్‌లో వెళ్తారు, టైర్లలో గాలి ఎప్పుడు చూపించారు, ఎంతమంది ఎక్కారు అని అడుగుతూ వెళ్తే సగం మంది వాళ్లే "ఓహో అదా" అంటారు. మిగతా సగం అనరు, వాళ్లకి లాగ్ (కారు రికార్డు చేసుకున్న డేటా) తీయించి నిజంగా సెల్స్‌లో తేడా ఉందేమో చూడాలి, ఎందుకంటే ఒక్కోసారి నిజంగానే ఉంటుంది. అన్నీ డ్రైవింగ్ తప్పే అని అలవాటు పడిన ఏజెంట్ ఎల్1లోనే ఉండిపోతాడు.

నోటీస్ పీరియడ్‌లో ఏం చదవాలంటే ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల సైట్) ఐఐటీ మద్రాస్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా గారి ఈవీ కోర్సు ఉంది, చూడ్డానికి ఫ్రీ, సర్టిఫికేట్ కావాలంటేనే ఎగ్జామ్ ఫీజు. ఎకనామిక్స్ భాగం నీకు అక్కర్లేదు, బ్యాటరీ ప్యాక్, చార్జింగ్ క్లాసులు మాత్రం రెండేసిసార్లు చూడు. బ్యాటరీల్లో రెండు రకాలు, ఎల్‌ఎఫ్‌పీకి ఎన్‌ఎంసీకి తేడా నోటికి రావాలి. ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ వోల్టేజ్ చాలాసేపు ఒకేలా ఉంటుంది, అందుకే ఎంత నిండిందో కారుకే లెక్క తప్పుతూ ఉంటుంది, అప్పుడప్పుడు నూరు శాతం ఎక్కించమంటారు. ఎన్‌ఎంసీకి రోజూ 80 దగ్గర ఆపడం మంచిదంటారు. కస్టమర్‌కి రెండూ కలిపి యూట్యూబ్‌లో ఎవడో చెప్పి ఉంటాడు, ఆ చిక్కు విప్పడం నీ పని.


బెజవాడ_సర్వీస్_బే:

నేను విజయవాడలో వర్క్‌షాప్ వైపు ఉంటా, సర్వీస్ అడ్వైజర్‌ని, కాల్ సెంటర్ వాళ్ల మీద నాకు పాత కోపం ఉంది ముందే చెప్తున్నా. "రెండు గంటల్లో రెడీ అయిపోద్ది సార్" అని వాళ్లు ఫోన్‌లో అనేస్తారు, ఆ కస్టమర్ వచ్చి నా టేబుల్ మీద చెయ్యి కొడతాడు. బ్యాటరీ ప్యాక్ దింపాలంటే అసలు ఎంత పనో వాళ్లెప్పుడూ చూడలేదు. ముందు వెయ్యి వోల్టుల రబ్బరు గ్లౌజులకి గాలి ఊది చిల్లు ఉందేమో చూసి, అవి తొడుక్కుని, 12 వోల్టులు తీసి, సర్వీస్ డిస్కనెక్ట్ (పెద్ద బ్యాటరీ సర్క్యూట్‌ని తెంపే ప్లగ్గు) పీకి, కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యేదాకా ఆగి, మీటర్ పెట్టి సున్నా ఉందని చూసుకుని, అప్పుడు హై వోల్టేజ్ ఆరెంజ్ కేబుల్ ముట్టుకుంటాం. ట్రైనింగ్ లేని కుర్రాణ్ని దాని దగ్గరికి కూడా రానివ్వం.

కానీ అక్కా మీరు చెప్పిన ఎర్త్ గుంత కథకి దండం పెట్టాలి. అలాంటి ఏజెంట్ ఒకరుంటే మాకు నెలకి ఇరవై అనవసరపు విజిట్లు తగ్గుతాయి.

తమ్ముడూ నీకు ఒక్కటి చెప్తా. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు వీధులన్నీ నీళ్లు, సెల్లార్లలో కార్లు మునిగిపోయాయి. అప్పుడు సపోర్ట్ లైన్‌లో ఉన్నవాడు చెప్పే ఒక్క మాట మీద ఉంటది బండి బతుకు. ఒకతను ఫోన్ చేసి నీళ్లు దిగిపోయాయి స్టార్ట్ చేసి చూడనా అంటే, అవతల అమ్మాయి "వద్దు సార్, స్టార్ట్ బటన్ నొక్కొద్దు, చార్జర్ కూడా పెట్టొద్దు, మెయిన్ ఆఫ్ చేసి ఫ్లాట్‌బెడ్ వచ్చేదాకా దూరంగా ఉండండి" అంది. ఆ బండి మా దగ్గరికి వస్తే ప్యాక్ లోపల పొడిగానే ఉంది, కనెక్టర్లు ఆరబెట్టి, ఇన్సులేషన్ టెస్ట్ చేసి, కార్పెట్లు మార్చి ఇచ్చేశాం. ఇంకొకతను ఎవరినీ అడక్కుండా పవర్‌బోర్డు దాకా బురద ఉన్న ఇంట్లోనే చార్జింగ్ పెట్టాడు, ఆ బండి గురించి చెప్పక్కర్లేదు. ఈవీని తాడు కట్టి లాగించడం కూడా అంతే, చక్రాలు తిరిగితే మోటర్ తిరిగి కరెంటు పుట్టిస్తది, అందుకే నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్డే పంపాలి. ఆర్‌ఎస్‌ఏ (రోడ్డు మీద ఆగిన బండికి సాయం) బుక్ చేసేటప్పుడు ఏజెంట్ మామూలు టోయింగ్ అని టిక్ పెట్టేస్తే హుక్కున్న బండి వస్తది, డ్రైవర్ తిరిగెళ్తాడు, ఇంకో మూడు గంటలు కస్టమర్ రోడ్డు మీద.

నా సలహా ఏంటంటే నోటీస్ పీరియడ్‌లో ఒక వారం ఏదైనా ఈవీ వర్క్‌షాప్ గేటు దగ్గర కూర్చో, టీ పంపించినా సరే. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే లోపలికి రానిస్తారు. ఫోన్‌లో విన్న శబ్దానికి, కళ్లతో చూసిన బండికి ముడి పడాలి.


నైట్_షిఫ్ట్_నాని:

ఇంకో దారి కూడా ఉంది, అది ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. నేను హైదరాబాద్‌లోనే కూర్చుని అమెరికా చార్జింగ్ సపోర్ట్ చేస్తా. వాళ్ల సాయంత్రం మన తెల్లవారుజాము, మూడేళ్ల నుంచి సూర్యుణ్ని ఆదివారాలే చూస్తున్నా. జీతం ఇండియా డెస్క్ కంటే బాగుంటది కానీ ఇంగ్లీష్ ఆగకూడదు, యాక్సెంట్ కాదు, ఆగకపోవడం ముఖ్యం. ఒక ముసలావిడ మంచులో పార్కింగ్‌లో ఒంటరిగా ఉండి బ్యాటరీ తొమ్మిది శాతం అని చెప్తుంటే నువ్వు "వన్ మోమెంట్ మేడమ్" అని రెండు నిమిషాలు హోల్డ్‌లో పెట్టకూడదు.

అక్కడ గొడవంతా ప్లగ్గులది. మన దగ్గర కార్లకి సీసీఎస్2 ఒక్కటే సెటిలయింది, బతికిపోయాం. వాళ్లకి సీసీఎస్1, పాత జే1772, 2023లో ఫోర్డ్ మొదలుపెట్టాక అందరూ టెస్లా వాళ్ల ఎన్‌ఏసీఎస్ వైపు తిరిగారు, ఇప్పుడు ప్రతి కాల్‌లో ఒక అడాప్టర్ ఉంటది. ఏ కారు, ఏ అడాప్టర్, ఎక్కడ కొన్నారు అని అడిగేసరికి సగం అయిపోద్ది. మిగతా సగం చలి, బ్యాటరీ గడ్డకట్టినట్టుంటే డీసీ ఫాస్ట్ చార్జర్ ఎంత పెద్దదైనా నెమ్మదిగానే ఎక్కుతది.

నేను నేర్చుకున్న వాటిల్లో పనికొచ్చింది ఓసీపీపీ. చార్జరూ సర్వరూ మాట్లాడుకునే భాష అది, ఇండియాలోనైనా అమెరికాలోనైనా అదే. రిమోట్ స్టార్ట్, రిమోట్ స్టాప్, రీసెట్, కనెక్టర్ అన్‌లాక్, ఈ మెసేజ్‌లు చదవడం వస్తే చార్జర్ కంపెనీలన్నిటికీ పనికొస్తావు. 1.6 వెర్షన్ డాక్యుమెంట్ నెట్‌లో దొరుకుద్ది, బోర్ కొడుతుంది, అయినా చదువు.


సూర్యాపేట_పిల్లగాడు:

అక్కా మీ మెసేజ్ మా రూమ్మేట్లకి గూడ చదివి వినిపించిన. బాపుకి ఫోన్‌ల ఎర్త్ గుంత కథ చెప్తే "మన మోటర్‌కి నేను ఉప్పేసి నీళ్లు పోస్తలేనా, గదే కదా" అన్నడు, అక్కడ కొంచెం మెత్తబడ్డడు. ఇంకో రెండు డౌట్లు. వెండర్ పేరోల్ మీద చేరితే కంపెనీల పోవుడు నిజంగ జరుగుతదా? హిందీ కాల్స్ వస్తే ఎట్ల?


ఆంపియర్_అక్క:

హిందీ గురించి భయపడకు, హైదరాబాద్ హిందీకి ఢిల్లీ వాడు నవ్వుతాడు కానీ కోపం తెచ్చుకోడు. నీ బలం తెలుగు. క్యాబ్ డ్రైవర్లు ఉంటారు చూడు, ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలవాళ్లు, వాళ్లు కార్ల భాషలో మాట్లాడరు, "గన్ను పీకుతుంటే రాట్లేదన్నా, ట్రిప్పు పోతాంది" అంటారు. కారు లాక్ తీస్తేనే గన్ను (కారుకి పెట్టే చార్జింగ్ ప్లగ్గు) వస్తుంది, ఎందుకంటే కొక్కెం కారు వైపు ఉంటుంది చార్జర్ వైపు కాదు, ఈ ముక్క అతని భాషలో ముప్పై సెకన్లలో చెప్పగలిగినవాడే కావాలి. ఇంగ్లీష్ స్క్రిప్ట్‌ని తెలుగులోకి మార్చి చదివే ఏజెంట్లు "దయచేసి వాహనాన్ని అన్‌లాక్ స్థితిలో ఉంచండి" అంటారు, అతను ఇంకా గట్టిగా పీకుతాడు.

ఇంకోటి రోజూ వస్తుంది, హైవే చార్జర్ పనిచేయట్లేదని. ముందు అడగాల్సింది ఎర్ర బటన్ లోపలికి నొక్కి ఉందా అని. ఎమర్జెన్సీ బటన్ని పిల్లలు నొక్కిపోతారు, కుడివైపు తిప్పితే బయటికొస్తుంది, అప్పుడు ఇక్కణ్నించి నేను రీసెట్ కొడతా. సూర్యాపేట దగ్గర ఒక స్టేషన్‌లో వారంలో నాలుగుసార్లు ఇదే, చివరికి పక్క టిఫిన్ సెంటర్ ఆయనకి చెప్పి పెట్టుకున్నాం, ఆయనే చూస్తాడు. మీ ఊరి వైపే, వెళ్లినప్పుడు ఇడ్లీ తిను, బావుంటుంది.

వెండర్ సంగతి. జరుగుతుంది కానీ అందరికీ జరగదు, నా బ్యాచ్‌లో పద్దెనిమిది మందిమి, కంపెనీ వైపు వెళ్లింది ముగ్గురం. అందుకే చేరేముందు హెచ్‌ఆర్‌ని జీతం కాకుండా వేరేవి అడుగు. ఏజెంట్‌కి కారు డేటా డాష్‌బోర్డు చూపిస్తారా లేక టికెట్ రాసి పైకి తోసేయడమేనా? చార్జర్ బ్యాకెండ్ (చార్జర్లని నడిపే సర్వర్ స్క్రీన్) కనిపిస్తుందా? ఎల్2 ఎక్కడ కూర్చుంటుంది, అదే ఫ్లోరా లేక పుణెలోనో గురుగ్రామ్‌లోనో? అదే ఫ్లోర్ అయితే కళ్లు మూసుకుని చేరు, టీ బ్రేక్‌లో వాళ్ల పక్కన నిలబడితే నేర్చుకోవచ్చు. ఏమీ కనిపించదు అంటే మాత్రం పైన షాపు పెట్టుకున్న అన్నయ్య చెప్పిందే రైటు, అది ఉత్త కాల్ సెంటర్.

రాతపూర్వకంగా ఏదైనా అడిగి తెచ్చుకో, నోటి మాటలు నమ్మకు. నాకు ఆర్నెల్లకి హైక్ అన్నారు, ఏడాదిన్నరకి వచ్చింది.


హెడ్‌సెట్_విసిరేసినోడు:

నా పేరెత్తారు కాబట్టి వచ్చా. సరే అక్కా ఒప్పుకుంటా, మా రోజుల్లో కాల్ కట్టయ్యాక ఏం జరిగిందో మాకు తెలిసేది కాదు, టికెట్ నంబర్ చెప్పి వదిలేయడమే. ప్రాబ్లం నీ చేతిలోనే తీరుతుందంటే ఆ పని వేరేలా ఉంటదేమో. కానీ తమ్ముడూ నైట్ షిఫ్ట్ క్యాబ్ ఇస్తారా లేదా అడుగు, గచ్చిబౌలి నుంచి ఉప్పల్ రాత్రి రెండింటికి ఆటోలో అంటే నీ హైక్ మొత్తం ఆటోవాడికే.


బెజవాడ_సర్వీస్_బే:

ఐటీఐ వైపు ఆలోచించే తమ్ముళ్లు చదువుతుంటే వాళ్లకోసం ఒక మాట. తెలంగాణలో 65 ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టారు, అలాంటి చోట ఏ కోర్సులు పెట్టారో వెళ్లి కనుక్కోండి. ఫోన్ వైపు వచ్చినా చేతులకి గ్రీజు అంటినవాడి మాట వేరేగా ఉంటది.


సూర్యాపేట_పిల్లగాడు:

రెండున్నర నెలల తర్వాత వస్తున్న, ఎవరన్న చూస్తున్నరో లేదో. చేరిన. హెచ్‌ఆర్‌ని అక్క చెప్పినయే అడిగితే ఆమె ఒక నిమిషం నా మొకం చూసి ఆపరేషన్స్ మేనేజర్‌కి కలిపింది, డాష్‌బోర్డు చూసుడు వరకు ఇస్తమన్నరు, కమాండ్లు కొట్టనియ్యరు. ఎల్2 అదే ఫ్లోర్, మా వరస వెనక. క్యాబ్ రాత్రి షిఫ్టుకే. వర్క్‌షాప్‌ల వారం కూసోలే, రెండు రోజులే కుదిరింది, నాగోల్ దగ్గర. గ్లౌజులకి గాలి ఊదుడు చూసిన.

మొదటి వారం ట్రైనింగ్, రెండో వారం నుంచి కాల్స్. టెలికాంకి దీనికి ఒక తేడా వెంటనే తెలిసింది, ఇక్కడ మనిషి కోపంగ ఫోన్ చేసినా ఎక్కువసార్లు ఆ కోపం కింద భయం ఉంటది, నడి రోడ్డు మీద ఉండిపోతనేమో అని. దారి తెలిసిందంటే గొంతు మారిపోతది. ఏహెచ్‌టీ కొట్లాట మాత్రం సేమ్ టు సేమ్, నిన్న గూడ టీఎల్ పిలిచిండు.

ఆ పిలిచింది దేనికంటే, మిర్యాలగూడ నుంచి ఒక సార్, చార్జర్ మీద ఎర్ర లైటు, ఒక్కోసారి ఎక్కుతది ఒక్కోసారి ఎక్కది అన్నడు. నాకు లోపల లడ్డు పేలింది! స్క్రిప్ట్ పక్కకి పెట్టి "సార్, మీ ఇంట్ల ఎర్త్ గుంత ఎక్కడుంది" అని అడిగిన. చానాసేపు సప్పుడు లేదు. ఇంట్ల ఎవరినో పిలిచి మాట్లాడుతున్నడు, అవతల ఆమె గొంతు గట్టిగ వినవడుతుంది. మళ్ల లైన్‌లకి వచ్చి చెప్పిండు, పోయిన దసరాకి కారు కొన్నమని పార్కింగ్ మొత్తం టైల్స్ ఏపించిన్రంట, గుంత దాని కిందనే పోయింది. చుక్క నీళ్లు దిగే జాగ లేదు. టైల్ పగలగొడితే గాని చూడలేం సార్ అంటే, ఆ టైల్స్ వాళ్ల ఆవిడ మోర్బీ నుంచి తెప్పించిందట, ఆమెతోని నువ్వే మాట్లాడు తమ్మీ అని ఫోన్ ఆమెకిచ్చిండు.

ఇరవై ఎనిమిది నిమిషాలయింది. ఇంటి వెనక కొత్త గుంత తీయొచ్చని ఎల్2 అన్నతోని చెప్పించిన, ఆమె పండుగ అయినంక చూద్దామన్నది. టికెట్ ఇంకా ఓపెన్‌లనే ఉన్నది. అక్కా, దీన్ని ఎక్సెల్‌ల ఏ కాలమ్‌ల రాయాలె?